తలుపు వేసుకోనిద్దాం

సంతానం లేక కుమిలిపోతున్న హన్నా షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థించింది. అది చూసి యాజకుడైన ఏలీ ఆమె మత్తులో ఉందనుకున్నాడు. ఆయన భక్తిహీనుడు కాడు. పైకి కనిపించినదాన్నిబట్టి లోపలి వేదనను కొలిచాడంతే. ఆమె నోరు తెరిచి తన దుఃఖం చెప్పుకున్నాకే ఆయనకు సంగతి అర్థమైంది.

నెలల తరబడి నిద్రపట్టని సహోదరిని, ఎవరితోనూ మాట్లాడని యువకుణ్ణి చూసి ‘విశ్వాసం తగ్గింది’ అని తేల్చేసేవారు నేటికీ మన మధ్య ఉన్నారు. షుగరు వస్తే డాక్టరు దగ్గరికి, మనసు నలిగితే ఉపవాస కూడికకు! ప్రార్థన మానమని మేమనడం లేదు. అపొస్తలుడైన పౌలు ఎంతో ప్రార్థించేవాడు, అయినా వైద్యుడైన లూకా ఆయన వెంటే ఉన్నాడు. కాపరులమైన మేము చదివినది వేదాంతం. గాయపడిన మనసుకు చికిత్స చేయడం వేరే చదువు.

ఇప్పుడు ఆ చదువు చదివినవారు వీడియోలో, ఫోనులో దొరుకుతున్నారు. పల్లెలో ఉన్నవారు హైదరాబాదుకో, విజయవాడకో బస్సెక్కనక్కర్లేదు. కానీ కౌన్సెలర్ అని పేరు పక్కన రాసుకున్నవారంతా ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉందేమో అడగండి, అడగడం అమర్యాద కాదు. మందులు రాయవలసినవారు సైకియాట్రిస్టు. ఆ మందులను ‘స్వస్థత పొందాను’ అని మీ అంతట మీరు ఆపవద్దు. ఫీజు ఎంత, కూర్చోవలసిన సమయం ఎంత, రాలేకపోతే డబ్బు పోతుందా, తెలుగులో మాట్లాడతారా అని ముందే తెలుసుకోండి. దుఃఖం మాతృభాషలోనే బయటికొస్తుంది. పది విడతల డబ్బు ఒకేసారి కట్టమంటే తొందరపడవద్దు. మాటలు రికార్డు చేస్తారా అన్నదీ అడగాలి. చికిత్సకు వచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఎవరికైనా చెప్పక తప్పదు. ఎక్కడో మరో ఊరిలో ఉన్న కౌన్సెలర్ పరుగెత్తి రాలేరు కనుక మీ చిరునామా, దగ్గరివారి ఫోన్ నంబరు మొదటి రోజే ఇవ్వండి. చనిపోవాలన్న తలంపు వస్తుంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. లేదా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవన్నీ సమకూరినా అసలు చిక్కు ఇంట్లో ఉంది. మనవి రెండు గదుల ఇళ్లు. హాల్లో అత్తగారు, వంటగదిలో కుక్కరు కూత, పక్కనే పిల్లల హోంవర్కు. కోడలు ఫోను పట్టుకుని తలుపు వేసుకుంటే ‘ఏంటంత రహస్యం?’ అన్న ప్రశ్న. బయటికి రాగానే ‘మా గురించి ఏం చెప్పావు?’ అని మరొకటి. ఇక ఆమె పైవారం ఏం చెబుతుంది? రహస్యమందు ప్రార్థించడానికి గది తలుపు వేసుకోమని మన ప్రభువే నేర్పాడు. తండ్రితో మాట్లాడడానికే మూసిన తలుపు కావలసివస్తే, గాయాన్ని విప్పి చూపడానికి అక్కర్లేదా? ఆ గంటసేపు భర్త పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లడం కూడా పరిచర్యే.

సంఘంలో మరో బాధ ఉంది. ‘ప్రార్థించడం కోసమే చెబుతున్నానమ్మా’ అంటూ మొదలైన మాట ఆదివారం ఆరాధన ముగిసేలోగా చివరి బెంచీ దాకా వెళుతుంది. వాట్సాప్ గుంపులొచ్చాక అంతసేపూ పట్టడం లేదు. ఫలానా సహోదరి కౌన్సెలింగ్ తీసుకుంటోందని తెలిసినవారు ఆమె పేరెత్తకుండానే ప్రార్థించవచ్చు, ఆమె ఎవరో దేవునికి తెలుసు. నయమయ్యాక సాక్ష్యం చెప్పమని వేదిక మీదికి లాగవద్దు. కౌన్సెలర్ దగ్గర ఏం మాట్లాడారో కాపరులమైన మేమూ అడగకూడదు.

మన చర్చిల పక్క గదులు సోమవారం నుంచి శనివారం దాకా చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు, లోపలి నుంచి వేసుకునే గడియ ఉంటే చాలు. ఇంట్లో చోటు లేనివారికి గంటసేపు తాళంచెవి ఇవ్వమని సంఘ పెద్దలకు మా మనవి. ఎవరు వచ్చి వెళ్లారో రిజిస్టరులో రాయవలసిన పని లేదు.