అవ్వ పెరట్లో వనరాజా

"ఒరేయ్, నువ్వు తెచ్చిచ్చిన కోళ్లకు పొదగడం ఎవరూ నేర్పలేదేమిరా?"

కోడుమూరు నుంచి అవ్వ ఫోన్. ముందు నవ్వొచ్చింది. తర్వాత తప్పు నాదేనని గుర్తొచ్చింది.

అంతకు ముందు ఏడాది అవ్వ దగ్గర 4 నాటుపెట్టలు ఉండేవి. చిన్న కోళ్లు. ఆరు నెలలు మేపినా కిలో, కిలోన్నర. ఏడాదికి 50, 60 గుడ్లు. "ఇంత తక్కువైతే ఏం మిగుల్తుంది అవ్వా?" అని ఫోన్‌లో లెక్కలేసి చూపించింది నేనే. 20 వనరాజా పిల్లల్ని తెచ్చిచ్చిందీ నేనే.

వనరాజా మామూలు కోడి కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ, పెరట్లో పెంచుకునేవాళ్ల కోసం తయారుచేసిన సంకరజాతి. మాంసానికీ, గుడ్లకీ రెండింటికీ పనికొస్తుంది. రంగురంగుల ఈకలు, చూస్తే నాటుకోడి లాగే ఉంటుంది. అక్కడే పుట్టిన గ్రామప్రియ అయితే గుడ్లకు పేరు.

అవ్వ అట్టపెట్టెలో బల్బు పెట్టి ఆరు వారాలు సాకింది. కొక్కెర తెగులుకు టీకాలు వేయించాం. మూడు నెలలకే పుంజులు కిలో దాటాయి. అమ్మితే చేతినిండా డబ్బులు. ఆ ఊపులో "ఇంక ఆ నాటువి ఎందుకు?" అన్నాను. ఎవరింట్లోనో చుట్టాలొచ్చి సంగటిలోకి నాటుకోడి పులుసు కావాలంటే, నాలుగు పెట్టలూ పోయాయి.

వనరాజా పెట్టలు గుడ్లు బాగానే పెట్టాయి. అవ్వ గంపలో గడ్డి పరిచి, మంచి గుడ్లు ఏరి పెట్టి ఎదురుచూసింది. ఒక్కటీ కూర్చోలేదు. గుడ్డు పెట్టడం, లేచి పోవడం. అంతే.

దాంట్లో కోడి తప్పేం లేదు. పొదగడానికి కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. ఎక్కువ గుడ్లు కావాలని తరాల తరబడి ఏరుకుంటూ పోతే, ఆ పొదిగే గుణమే పోతుంది.

చివరికి పక్కింటి నాటుపెట్ట కింద గుడ్లు పెట్టించింది. పిల్లల్లో సగం వాళ్లకు, సగం మనకు అని మాట. పిల్లలైతే వచ్చాయి కానీ ఒక్కోటి ఒక్కో తీరు. కొన్ని బాగా ఎదిగాయి, కొన్ని అట్లే ఉండిపోయాయి. రెండు రకాల్ని కలిపి తీసిన కోడి కదా, దాని బలం మొదటి తరంలోనే పూర్తిగా కనిపిస్తుంది అని వివరించాను.

అవ్వ ఒక్క మాటలో తేల్చేసింది. "అంటే పత్తి ఇత్తనం మాదిరి. ఏడేడూ పాకెట్ కొనాల్సిందే."

నిజమే. మనం చులకనగా చూసే నాటుకోడే అన్నిటికీ విత్తనం. ఆరు వారాల్లో 2 కిలోలు తూగే బాయిలర్ కోడికి పూర్వీకుల్లో ఒకటి ఇంగ్లండ్‌లోని కార్నిష్. ఆ కార్నిష్‌ను తీయడానికి వాడినవాటిలో మన అసీల్ పుంజులూ ఉన్నాయి. అందుకే దాని పాత పేరు 'ఇండియన్ గేమ్'.

మీలో ఎవరైనా ఇంట్లోవాళ్లకు కోడిపిల్లలు తెచ్చివ్వాలనుకుంటే తప్పకుండా తెచ్చివ్వండి. వనరాజా మంచి కోడే. ఏ రకమో అడిగి కొనండి, టీకాలు మానకండి. ఇంట్లో ఉన్న నాటుపెట్టలను మాత్రం నాలాగా అమ్మించకండి. కనీసం రెండైనా ఉంచండి.

పక్క ఊళ్లో వెతికి, అమ్మిన ధరకు రెండింతలు పెట్టి 2 నాటుపెట్టలు కొనిచ్చాను. మొన్న అవ్వ మళ్లీ ఫోన్ చేసింది.

"12 గుడ్ల మీద కూర్చుందిరా. దగ్గరికి పోతే పొడుస్తాంది!"

పొడిచినందుకు అంత సంతోషపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.