ఆనకట్ట పుట్టించిన నది

గాలం వేసి చేపలు పట్టడం అతి ప్రాచీనమైన వృత్తి. దానిని ఆకలి తీర్చుకొనే మార్గంగా గాక, నేర్పును పరీక్షించుకొనే క్రీడగా మలచుకొన్నవారు పాశ్చాత్యదేశాలలో ఎందరో ఉన్నారు. ఆ క్రీడలో మిక్కిలి సున్నితమైనది ‘డ్రై ఫ్లై’ పద్ధతి. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి, అచ్చం కీటకంలా కనిపించే ఎరను తయారుచేస్తారు. అది నీటిలో మునగక, తేలుతూ సాగిపోతుంది. అడుగున పొంచి ఉన్న ట్రౌట్ చేప దానిని నిజమైన పురుగని భ్రమించి, పైకి లేచి అందుకొంటుంది. ప్రవాహం గాలపుతాడును ఏమాత్రం లాగినా ఎర నీటితోపాటు గాక వేరుగా కదులుతుంది. ట్రౌట్ ఆ తేడాను ఇట్టే పసిగట్టి తప్పుకొంటుంది. అందుకే నేర్పరియైన వేటగాడు నీటిపై పడిన తాడును ఎప్పటికప్పుడు ఎగువకు మళ్ళిస్తూ, ఎరను దాని దారిన పోనిస్తాడు. చేతికి చిక్కిన చేపను చాలామంది తిరిగి నీటిలోనే వదలివేస్తారు.

ట్రౌట్ చల్లని, నిర్మలమైన నీటిలో బ్రతికే చేప. భారతదేశంలో కాశ్మీరు, నీలగిరి కొండవాగులలో కనిపించే ట్రౌట్ ఆంగ్లేయుల కాలంలో తెచ్చి వదలినదే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఈ క్రీడకు పేరుపొందిన గ్రీన్ నది ట్రౌట్ కథ కూడ ఇటువంటిదే. ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్టకు దిగువన, ఎర్రని కొండల నడుమ, అడుగున ఉన్న గులకరాళ్ళు సైతం లెక్కపెట్టగలిగినంత తేటగా ఆ నది ప్రవహిస్తుంది. దానిని చూచినవారు ప్రకృతి కన్యక అని మురిసిపోతారు. ఆ మాటలో సగమే నిజం. ఆ తేటదనం, ఆ చల్లదనం ఆనకట్ట ఇచ్చినవి.

ఆనకట్ట రాక పూర్వం గ్రీన్ నది వసంతంలో మంచు కరిగి వరదలెత్తేది. వేసవి చివర సన్నగిల్లి, వెచ్చబడేది. ఏడాదిలో చాలాకాలం బురదనీటితో పారేది. అటువంటి నీటికే అలవాటుపడిన చేపలు అక్కడ వేలాది సంవత్సరాలుగా జీవించాయి. ఆరడుగుల వరకు పెరుగగల కొలరాడో పైక్‌మిన్నో, మూపురం వంటి వీపు గల హంప్‌బ్యాక్ చబ్, రేజర్‌బ్యాక్ సకర్, బోనీటెయిల్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. కొలరాడో నదీవ్యవస్థలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇవి సహజంగా లభింపవు.

వీటిని ‘పనికిరాని చేపలు’ అన్నారు. కొత్త జలాశయంలో ట్రౌట్ చక్కగా పెరగాలంటే పాత చేపలు ఉండరాదని ప్రభుత్వ మత్స్యశాఖలవారు తలచారు. 1962 సెప్టెంబరులో, ఆనకట్ట నిండక ముందే, గ్రీన్ నదిలోను, దాని ఉపనదులలోను సుమారు 700 కిలోమీటర్ల మేర రోటినోన్ అనే విషాన్ని కలిపారు. దిగువన పొటాషియం పర్మాంగనేటుతో విషాన్ని విరిచివేయాలనుకొన్నారు. ఆ యత్నం పూర్తిగా ఫలించలేదు. విషం డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతం వరకు ప్రాకింది. ఆ పిమ్మట తెచ్చి వదలిన చేపలలో రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదులది; బ్రౌన్ ట్రౌట్ ఐరోపా నుండి 1883లో అమెరికాకు చేరినది.

ఇక్కడ ఒక విచిత్రం. ఆనకట్ట అడుగు నుండి వెలువడిన నీరు నాలుగైదు డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉండడంతో, ఎవరి కోసం ఇంత చేశారో ఆ ట్రౌట్ కూడ సరిగా ఎదగలేదు. 1978లో ఆనకట్టకు మార్పులు చేసి, జలాశయం పైపొరల వెచ్చని నీటిని కూడ తీసే ఏర్పాటు కల్పించారు. నీటి వెచ్చదనం సుమారు 13 డిగ్రీలకు చేరింది, ట్రౌట్ వర్ధిల్లింది. నేడు లోకం మెచ్చే నది అప్పుడు పుట్టింది. గదిలో చలిని అమర్చుకొన్నట్లు నదిని అమర్చుకొన్నారన్నమాట!

ఇప్పటి వివాదం వరదను గురించినది. రేజర్‌బ్యాక్ సకర్ పిల్లలు గ్రుడ్డు నుండి వెలువడి కొట్టుకువచ్చే కాలానికి నది పొంగితేనే అవి ఒడ్డు దాటి, వెచ్చని పల్లపు మడుగులలోనికి చేరి పెరుగగలవు. అందుచేత 2012 నుండి, నదిలో ఆ పిల్లలు కనబడినట్లు శాస్త్రజ్ఞులు తెలిపిన తరువాత ఆనకట్ట నుండి వసంతపు వరదను విడుదల చేసే పద్ధతిని చేపట్టారు. అది సాధారణంగా మే చివర, జూన్ మొదట్లో వస్తుంది. సికాడా పురుగులు జూనిపర్ చెట్ల నుండి నీటిపై రాలే రోజులు, పెద్ద ట్రౌట్‌లు నిర్భయంగా పైకి లేచే రోజులు కూడ అవే. ఏడాదంతా ఆ కొద్ది రోజుల కోసమే ఎదురుచూచే వేటగాళ్ళకు, పడవ నడిపి వారికి దారి చూపే వారికి ఈ వరద కంటగింపుగా ఉండడం సహజమే. డచ్ జాన్ వంటి చిన్న ఊరిలో ఒక వారం రాబడి తగ్గడం అల్పవిషయం కాదు.

అయినను వారి ఫిర్యాదు న్యాయమైనది కాదు. నీటిని సహజంగా ఉండనివ్వండి అని ఆ నదిమీద అడుగుటకు ట్రౌట్ ప్రియులకు అధికారం తక్కువ. వారి ఆనందమంతా గేట్లు, గొట్టాలు, లెక్కలు కల్పించినదే. తమ చేప కోసం 1978లో నీటిని మార్చడం సబబైనప్పుడు, పాత చేప కోసం కొద్ది వారాలు మార్చడం అన్యాయం ఎట్లవుతుంది? పైగా వరదలో ట్రౌట్ నశించిపోదు. ఉరవడి తక్కువగా ఉన్న ఒడ్డుల పక్కకు చేరుతుంది. తాడును ఎగువకు మళ్ళించి ఎరను దాని దారిన పోనిచ్చే నేర్పు గలవానికి, ఏటా కొన్ని దినాలు నదిని దాని పాత దారిన పోనివ్వడం కష్టం కారాదు. ఆనకట్టను కూల్చివేయమనే వారి మాట వేరు. దానిపై ఆధారపడిన విద్యుత్తు, నీటిసరఫరాల దృష్ట్యా అది ఇప్పట్లో జరిగే పని కాదు.

వరద విడిచిన ఫలితం కొంత కనబడుతోంది. జెన్సెన్ ఊరి చెంత స్టూవర్ట్ లేక్ అనే మడుగు ఉంది. వరదనీటిని అందులోనికి మళ్ళించి, పెద్ద చేపలు చొరబడకుండ జల్లెడలు అడ్డుపెడతారు. వేసవి గడచిన పిదప మడుగును ఖాళీచేస్తారు. 2013లో అలా ఖాళీచేసినప్పుడు, నదిలోనే పుట్టి ఆ మడుగులో పెరిగిన రేజర్‌బ్యాక్ సకర్ పిల్లలు బయటపడ్డాయి. వాటిని తిరిగి గ్రీన్ నదిలో విడిచిపెట్టారు.