నెడ్‌కు కోపం వచ్చిన వారం

‘ది సింప్సన్స్’ టీవీ కార్టూన్ సీరియల్‌లో హోమర్‌కు పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ అంటే గిట్టదు. నెడ్ చేసిన తప్పేమీ లేదు. అతని పిల్లలు చెప్పిన మాట వింటారు, అడిగిన వస్తువు లేదనకుండా అరువిస్తాడు. ఆ మంచితనమే హోమర్‌కు కంట్లో నలుసు. 1990లో వచ్చిన ఒక కథలో ఇద్దరూ తమ కొడుకుల మినీ గోల్ఫ్ పోటీ మీద పందెం కాస్తారు. కొడుకు గెలవకపోతే ఆ తండ్రి తన భార్య గౌను వేసుకుని అవతలివాడి పచ్చిక కోయాలి. పిల్లలు సమంగా ముగించేసరికి తండ్రులిద్దరికీ గౌన్లు తప్పలేదు.

నాకు అంతకన్నా నిజమనిపించేది 1994 మార్చి 17న ఫాక్స్‌లో వచ్చిన ‘హోమర్ లవ్స్ ఫ్లాండర్స్’. ఫుట్‌బాల్ టికెట్ దొరక్క ఉసూరుమంటున్న హోమర్‌ను నెడ్ తన వెంట ఆటకు తీసుకెళ్తాడు. అప్పటి నుంచి వేళాపాళా లేకుండా గుమ్మంలో హోమరే. రెండు కుటుంబాలనూ కలిపి క్యాంపింగ్‌కి లాక్కెళ్లి అక్కడా రభస చేస్తాడు. హోమర్ అంటే ద్వేషం పుడుతోందని నెడ్ చివరికి భార్య మాడ్‌తో అనేస్తాడు. హోమర్ తిట్టినన్నాళ్లూ నెడ్ ఇల్లు నెడ్‌దే. అభిమానించడం మొదలుపెట్టాకే అది అతనిది కాకుండా పోయింది.

హోమర్ వెనక్కి నడుస్తూ కంచె మొక్కల్లో కలిసిపోయే దృశ్యం ఈ కథలోదే. సిగ్గుపడి తప్పుకోవడానికి గుర్తుగా ఇప్పుడది ఫోన్లలో తిరుగుతోంది. కథలో మాత్రం హోమర్ తప్పుకోడు, మళ్లీ వస్తాడు. అతన్ని వదిలించుకోబోయి నెడ్ కారు అతివేగంగా నడిపి పోలీసులకు దొరుకుతాడు, అది చర్చివాళ్ల కంట పడుతుంది. తర్వాత ప్రార్థన వేళ, పక్కన ముక్కుతో బుసబుసమంటున్న హోమర్ మీద గట్టిగా అరుస్తాడు.

నాకు కోపం తెప్పించేది ఆ చర్చిలోని జనం. ఏళ్ల తరబడి అతని సాయం అందుకున్నవాళ్లలో ఒక్కరైనా, ఇంత నెమ్మదైన మనిషి ఎందుకు అరిచాడని ఆలోచించరు. మంచివాడికి విసుగు రావడమే నేరమైంది. హోమరే లేచి అతని తరఫున మాట్లాడతాడు. మనసారానే మాట్లాడతాడు, కాదనను. కానీ దాంతో నెడ్, తనను వేపుకు తిన్న మనిషికే రుణపడిపోయాడు. తన ఇంట్లో కాసేపు తన పిల్లలతో గడపాలనుకున్న అతని కోరిక ఎంత న్యాయమైనదో ఎవరూ ఒప్పుకోలేదు.

కథ ముగిసేసరికి హోమర్ మళ్లీ నెడ్‌ను కసురుకుంటాడు, అతని పిల్లలు బార్ట్, లీసా హమ్మయ్య అనుకుంటారు. రచయిత డేవిడ్ రిచర్డ్‌సన్ ఆ ఊరట నెడ్ ఇంట్లో కూడా చూపించి ఉండాల్సింది.