తొలి మేత

1923వ సంవత్సరమున డెలవేర్ రాష్ట్రములోని ఓషన్ వ్యూ గ్రామవాసిని యగు సెసిల్ స్టీల్, గ్రుడ్ల కొరకు 50 కోడిపిల్లలను తెప్పింపబోగా పొరపాటున 500 వచ్చి చేరినవనియు, వాటిని మాంసమునకై పెంచి ఆమె లాభమార్జించుటతో అమెరికాలో బ్రాయిలర్ పరిశ్రమకు అంకురార్పణ జరిగెననియు చెప్పుదురు. ఆ దశకమున కోడి రెండున్నర పౌండ్ల తూకమునకు వచ్చుటకు సుమారు 112 దినములు పట్టుచుండెను. నేడు ఆరున్నర పౌండ్ల కోడి ఇంచుమించు 47 దినములకే సిద్ధమగుచున్నది. ఈ శీఘ్రతను అందరును కొనియాడుదురు గాని, ఆయువు ఇంతగా కుంచించుకొనిపోయినపుడు తొలి రెండు దినముల విలువ ఎంత పెరిగినదో ఆలోచించినవారు అరుదు.

హేచరీలలో 21వ నాటికి పిల్లలు వెలువడునని వాడుక. కాని అన్నియు ఒక్క గడియలో వెలువడవు. మొదటిదానికిని తుదిదానికిని నడుమ ఒక దినమో, ఒకటిన్నర దినమో అంతరముండును. తుది పిల్ల పెంకు పగులగొట్టుకొని వచ్చువరకు తొలి పిల్ల మేతయు నీరును లేక తాను వెలువడిన పేటికలోనే వేచియుండవలెను. పిమ్మట లెక్కింపు, టీకాలు, లారీ ప్రయాణము. ఈ విధముగా కొన్ని పిల్లలు రెండు దినములు, ఒక్కొక్కచో అంతకు మించియు, నిరాహారముగా గడపి ఫారము చేరుచున్నవి.

పిల్ల కడుపులో మిగిలియుండు పచ్చసొన మూడు దినములవరకు ప్రాణము నిలుపుననియు, అందుచేతనే 1918 నుండియు అమెరికా తపాలా శాఖ పసి కోడిపిల్లలను టపాలో చేరవేయగలుగుచున్నదనియు ఇందులకు సమాధానము చెప్పుదురు. ప్రాణము నిలుచుట నిజమే. అయితే తొలి వారములో ప్రేవులు తక్కిన దేహముకంటె వేగముగా పెరుగును. ఆహారమును పీల్చుకొను ఆంత్రచూషకములు మేత తగిలినప్పుడే చక్కగా వృద్ధిచెందును. రొమ్ముకండను పిమ్మట పెంపొందించు కణములు ఆ దినములలోనే ఉధృతముగా విభజనము చెందుచుండగా, ఆకలి వాటిని అణచివేయును. విచిత్రమేమనగా, మేత తిన్న పిల్ల ఉపవాసమున్నదానికంటె త్వరగా పచ్చసొనను వినియోగించుకొనును. తల్లి యిచ్చిన రోగనిరోధక పదార్థములును ఆ సొనలోనే కలవు. వాటిని కేవలము ఇంధనముగా తగులబెట్టించుట దుర్వ్యయము. తరువాత మేత దొరకినపుడు తూకములోని లోటు కొంత పూడుననుటయు సత్యమే. కాని 47 దినముల జీవితమున పూడ్చుకొనుటకు వ్యవధి యేది?

ఉపాయములు లేకపోలేదు. ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పీటర్ ఫెర్కెట్, జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయపు జెహావా యూనీ, గ్రుడ్డులోనే పోషక ద్రవమును ప్రవేశపెట్టి, పిండము వెలువడకముందే దానిని మ్రింగునట్లు చేయు పద్ధతికి 2003లో అమెరికా పేటెంటు పొందిరి. పిల్లలు వెలువడు పేటికలోనే మేతను నీటిని అమర్చు యంత్రములు నెదర్లాండ్స్‌లో తయారగుచున్నవి. ఖర్చు అధికమని వెనుదీయు కంపెనీలు, ఆకలివలన కలుగు నష్టమును ఎవరు భరించుచున్నారో చెప్పవలెను.

నన్ను మిక్కిలి కలచివేయునది ఇదియే. జార్జియా, ఆర్కన్సా మున్నగు రాష్ట్రములలో పిల్లలును మేతయు కంపెనీవి, షెడ్డును శ్రమయు రైతువి. ఇంచుమించు ఒకే కాలమున కోళ్లను అప్పగించిన రైతులను పరస్పరము పోల్చి, తక్కువ ఖర్చుతో పెంచినవానికి హెచ్చుగను, తక్కినవానికి తగ్గించియు చెల్లించు టోర్నమెంటు పద్ధతి అచట విస్తారముగా అమలులో నున్నది. పది గంటలు మాత్రమే ఆకలిగొన్న పిల్లలు ఒకనికిని, ఏబది గంటలు మాడిన పిల్లలు వేరొకనికిని దక్కినచో, ఆ పోటీ న్యాయమైనదని ఎవ్వరనగలరు? పిల్లల జాతి, ఆడమగల నిష్పత్తి, తల్లికోళ్ల వయస్సు మున్నగు వివరములను రైతునకు తెలుపవలెనని అమెరికా వ్యవసాయ శాఖ 2023లో చేసిన నిబంధన 2024 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చినది. ఆ వరుసలో పిల్ల పుట్టిన గడియయు చేరవలెను.

తెలుగునాట కంపెనీల కొరకు పిల్లలను పెంచు రైతులకును నాదొక్క మనవి: పెట్టెలు షెడ్డువద్ద దిగిననాడే, ఆ పిల్లలు ఎప్పుడు గ్రుడ్డు వెడలినవో అడిగి, సంతకముతో వ్రాయించుకొనుడు.