ముడుచుకున్న పగడం

ఇంట గాజుతొట్టిలో సముద్రజీవులను పెంచేవారిని తరచు కలవరపెట్టేది తోలు పగడం. ఇంగ్లీషు ‘లెదర్ కోరల్’కు ఈ తెలుగు కాస్త మోటే గాని, సార్థకమైన పేరు. నిన్నటిదాకా పుట్టగొడుగులా విప్పారి, సన్నని పాలిప్‌లతో నీటిలో ఊగిన ఆ జీవి ఒకనాడు ముడుచుకొని, మైనం పూసినట్టు మెరుస్తుంది. వారం గడిచినా విచ్చుకోదు. యజమాని మందుసీసా వెదకుతాడు. అదే ప్రమాదం: రాగి కలిసిన చేపల మందు పగడాలకు ప్రాణాంతకం. నిజానికి ఆ జీవి తనపై పేరుకున్న పాచిని వదిలించుకొనేందుకు పైపొరను కుబుసంలా విడుస్తున్నది. నీటి ప్రవాహం కొంచెం పెంచితే పొర కొట్టుకుపోతుంది.

మొదలు నల్లబడి, మెత్తబడి, దుర్వాసన వేస్తే మాత్రం జాగు చేయరాదు. కుళ్ళిన మేర పదునైన కత్తితో కోసివేయాలి. ఆరోగ్యంగా ఉన్న ముక్క సాధారణంగా మళ్ళీ ఎదుగుతుంది.

ఈ రెండూ కానప్పుడు ఉప్పు కొలిచి చూడండి. కిలో నీటిలో సుమారు 35 గ్రాములుండాలి. మన వేసవిలో ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కనుక తరిగిన మేరకు క్లోరిన్ లేని మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. తొట్టిలో రాతి పగడాలు కూడా ఉంటే, తోలు పగడం విడిచే టెర్పీన్లు వాటిని బాధిస్తాయి. ఆ విషాన్ని తొలగించడానికి వడపోతలో ఉత్తేజిత కర్బనం ఉంచి, అప్పుడప్పుడు మారుస్తుండాలి.