పాత బ్యాటరీ ఇంటిదాకా వస్తుంది

రేణిగుంట ప్రాంతం వారికి కొత్త బ్యాటరీ ఎక్కడ తయారవుతుందో చెప్పనక్కరలేదు. కరకంబాడి కర్మాగారం ప్రక్కనే ఉన్నది. పాతబడిన బ్యాటరీ ఏమవుతుందన్నదే మనం ఆలోచించవలసిన విషయం. ఆటోల నుండి, ఇన్వర్టర్ల నుండి తీసిన బ్యాటరీలు పాత ఇనుప సామాను అంగళ్లకు చేరుతాయి. ఆ అంగళ్లు నడిపేవారిని, వాటిలో పనిచేసేవారిని, వారి ఇంటి స్త్రీలను ఉద్దేశించి ఈ నెల కొన్ని మాటలు చెప్పదలచాము.

ఇటువంటి బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. లోపలి ద్రవం గంధకామ్లం. ఆమ్లం కాల్చిన గాయం వెంటనే కనబడుతుంది. సీసం చేసే హాని కనబడదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది గనుక కట్టెల పొయ్యి మీద కూడా కరిగించగలరు. ఆ పొగ సన్నని ధూళిగా మారి దుస్తులను, జుట్టును అంటుకుని ఇంటికి వస్తుంది. పెద్దల కంటే పిల్లల శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. అది వారి మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. సెనెగల్ రాజధాని డకార్ శివారు థియారోయ్‌లో పాత బ్యాటరీల నుండి సీసం తీసేవారు. అక్కడ 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పిల్లలు సీసపు విషంతో మరణించారు.

ప్రమాదాన్ని అంచనా వేయడానికి పెద్ద చదువు అవసరం లేదు. బ్యాటరీ అంగడిలో దిగినప్పటి నుండి లారీ ఎక్కేవరకు దాని వెంట నడవండి. అది ఆగిన ప్రతిచోటా ఇలా ప్రశ్నించుకోండి: ఇక్కడ హాని చేసేది ఏది? ఎవరికి? అసలు ఈ పని మనం చేయవలసినదేనా?

చివరి ప్రశ్నే ముఖ్యమైనది. చేతి తొడుగులు కొనడం చివరి మెట్టు. ప్రమాదకరమైన పనినే మానుకోవడం మొదటి మెట్టు. బ్యాటరీని పగులగొట్టవద్దు, సీసం కరిగించవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన సంస్థలకు దానిని యథాతథంగా అప్పగించండి. విడదీసి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని కొందరంటారు. పనివాని ఆరోగ్యాన్ని, పసివాని మేధస్సును ఖర్చుచేసి తెచ్చినది లాభమెలా అవుతుంది?

బ్యాటరీలను కప్పు క్రింద, ప్లాస్టిక్ తొట్లలో నిటారుగా నిలపండి. పగిలినవాటిని వేరుగా ఉంచండి. దగ్గరలో నీటి కుళాయి ఉండాలి. కంట్లో ఆమ్లం పడితే కనీసం పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. నేలను పొడిగా ఊడ్చక తడిగుడ్డతో తుడవండి. చేతులు కడుగకుండా భోజనానికి కూర్చోవద్దు. పని దుస్తులు అంగడిలోనే మార్చుకోండి. వాటిని పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవారు, వారి పిల్లలు రక్తంలో సీసం పరీక్ష గురించి వైద్యుని అడగడం మంచిది.