వెలుగుతో దిద్దిన చూపు

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలు ఏనాడో చెప్పారు. అంత ప్రధానమైనది కనుకనే కంటికి శస్త్రచికిత్స అంటే మనిషికి అంత భయం. అటువంటిది నేడు కళ్ళజోడు వద్దనుకున్న యువకుడు ఉదయం ఆస్పత్రికి వెళ్ళి, లేజర్ చికిత్స చేయించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరుకుంటున్నాడు. కిరణం కంటిని తాకే సమయం సాధారణంగా ఒక నిమిషమైనా ఉండదు. ఆ నిమిషం ఎంత సులభంగా కనిపిస్తుందో, దాని వెనుక ఉన్న శ్రమ అంత సుదీర్ఘమైనది. ఆ శ్రమను ఎరుగనివారికి ఈ చికిత్స అంగడిలో దొరికే అలంకార వస్తువులా తోస్తుంది. ఎరిగినవారు దానిని గౌరవిస్తారు. గౌరవించేవారు తొందరపడరు.

కంటిలో ప్రవేశించిన వెలుగును వంచి రెటీనాపై కేంద్రీకరించే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియాదే. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరిన ఈ పారదర్శకమైన పొర మందం సుమారు అర మిల్లీమీటరు. కనుగుడ్డు పొడవుకు ఈ పొర వంపు పొసగనప్పుడు దూరపు వస్తువుల ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. అదే హ్రస్వదృష్టి. కళ్ళజోడులోని పుటాకార కటకం ఈ లోపాన్ని బయటినుండి సవరిస్తుంది.

కార్నియా వంపునే మార్చగలిగితే కళ్ళజోడు అవసరం ఉండదన్న ఆలోచన లేజర్ చికిత్స కన్నా పాతది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో కొలంబియా దేశపు బొగోటా నగరంలో హోసే బరాకేర్ అనే వైద్యుడు కార్నియా పొరను వేరుచేసి, గడ్డకట్టించి, యంత్రంపై చెక్కి తిరిగి అమర్చాడు. 1970లలో మాస్కోలో ఫ్యోదరోవ్ సన్నని కత్తితో కార్నియాపై కిరణాల ఆకారంలో గాట్లు పెట్టి వంపును తగ్గించాడు. ఆలోచన ఉత్తమమైనదే, సాధనం మాత్రం అంత సున్నితమైనది కాదు.

ఆ సున్నితమైన సాధనం వైద్యుల ఇంట పుట్టలేదు. ఎక్సైమర్ లేజరును 1970లో మాస్కోలోని లెబెదెవ్ సంస్థలో నికొలాయ్ బాసోవ్, ఆయన సహచరులు భౌతికశాస్త్ర పరిశోధనలో భాగంగా రూపొందించారు. పదకొండేళ్ళ తరువాత అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఐ.బి.ఎం. సంస్థవారి వాట్సన్ పరిశోధన కేంద్రంలో అది కొత్త దారి పట్టింది. అక్కడ పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో డాక్టరేట్ పొంది, 1961లో ఆ సంస్థలో చేరినవారు. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత లేజర్ కిరణాలు ప్లాస్టిక్ పొరలను ఎంతో నాజూకుగా చెక్కుతాయని ఆయన గమనించారు. మరి జీవకణజాలం మీద ఇవి ఎలా పనిచేస్తాయి? ఆయనతోపాటు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అనే సహశాస్త్రవేత్తలను కూడా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది.

1981 నవంబరు 26న అమెరికన్లు థాంక్స్‌గివింగ్ పండుగ జరుపుకున్నారు. ఆ రోజు విందులో టర్కీ కోడి తప్పనిసరి. మరునాడు శ్రీనివాసన్ ఆ విందులో మిగిలిన ముక్కను ప్రయోగశాలకు తీసుకువెళ్ళి, దాని మృదులాస్థిపై ఎక్సైమర్ లేజరును ప్రసరింపజేశారు. కిరణం పడినంత మేర పదార్థం తొలగిపోయింది. అంచులు మాడలేదు, కమలలేదు. పోల్చి చూడడానికి ఆకుపచ్చ లేజరును ప్రయోగించినప్పుడు ఆ చోటు మాడిపోయింది. ఎక్సైమర్ కిరణం వేడితో కాల్చదు. అణువుల మధ్య బంధాలను తెంచి, ఆ తునకలను ఎగరగొడుతుంది. అవి తమతోపాటే శక్తిని తీసుకుపోవడం వల్ల పక్క భాగానికి హాని కలగదు. పారవేయవలసిన ఎముకలో పరిశోధనకు పనికివచ్చే వస్తువును చూడగలగడమే అసలైన చూపు. ఆ చూపుకు ఏ చికిత్సా అవసరం లేదు.

అయితే శాస్త్రవేత్త చేతిలోని విద్య వైద్యుని చేరితేనే రోగికి మేలు. కొలంబియా విశ్వవిద్యాలయపు నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ 1983లో శ్రీనివాసన్‌తో కలిసి పశువుల కళ్ళపై ప్రయోగాలు జరిపి, ఈ కిరణంతో కార్నియాను దిద్దవచ్చని ప్రకటించారు. ఒక్కొక్క స్పందనకు తొలగే పొర మందం మిల్లీమీటరులో సుమారు నాలుగువేలవ వంతు మాత్రమే. అయినా చూపు ఉన్న మనిషి కంటిని మొదటిసారి ఈ ప్రయోగానికి అప్పగించేదెవరు?

ఆ ప్రశ్నకు 1988లో ఒక స్త్రీ సమాధానమిచ్చింది. క్యాన్సరు కారణంగా ఆమె కంటిని తొలగించవలసి వచ్చింది. ఆ కంటిలో చూపు ఇంకా ఉంది. ఎలాగూ పోనున్న ఆ కంటిని ముందుగా ఈ చికిత్సకు ఉపయోగించుకొమ్మని ఆమె అంగీకరించింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో వైద్యురాలు మార్గరీట్ మెక్‌డొనాల్డ్ ఆ శస్త్రచికిత్స చేశారు. ఆ కన్ను తరువాత తొలగించబడింది. దాని వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. లోకానికి ఒరిగింది ఎంతో. ఆ ముగ్గురు శాస్త్రవేత్తలనూ అమెరికా ప్రభుత్వం జాతీయ పతకంతో గౌరవించింది. పతకాలు ఆవిష్కర్తలకు అందుతాయి. ఇటువంటి దాతలకు అందవలసినది కృతజ్ఞత. ఈ చికిత్స పొందే ప్రతి ఒక్కరూ చెల్లించవలసిన రుణం అది.

కార్నియాపై పలుచని పొరను మూతలా పైకెత్తి, దాని కింద లేజరును ప్రయోగించి, మళ్ళీ యథాస్థానంలో ఉంచే లాసిక్ పద్ధతికి 1989లో గోలమ్ పేమన్ పేటెంటు పొందారు. గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో పాలికారిస్ దానిని ఆచరణలోకి తెచ్చినవారిలో ప్రముఖుడు. కార్నియాను దిద్దే ఎక్సైమర్ లేజరుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తొలి ఆమోదం తెలిపింది 1995లో. పండుగ మరునాటి ప్రయోగం నుండి ఆ ఆమోదం వరకు పద్నాలుగేళ్ళు పట్టింది.

పద్నాలుగేళ్ళు పరీక్షించి లోకానికి ఇచ్చిన చికిత్సను పద్నాలుగు రోజులైనా ఆలోచించకుండా కోరుకోవడం ఉచితమేనా? మన సమాజంలో కళ్ళజోడు పెట్టుకున్న ఆడపిల్లకు పెళ్ళిచూపుల నాడు ‘అద్దాలు తీసేయమ్మా’ అని చెప్పే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సంబంధం కుదరదేమోనన్న భయంతో ఆమెను లేజర్ చికిత్సకు తీసుకువెళ్ళే తల్లిదండ్రులూ ఉన్నారు. లోపం ఆమె కంటిలో కొద్దిగా ఉండవచ్చు. అంతకు మించిన లోపం చూసేవారి దృష్టిలో ఉంది. దానిని సవరించే కిరణాన్ని ఏ ప్రయోగశాలా ఇంకా కనిపెట్టలేదు. ఆటలకో, ఉద్యోగానికో, తన సౌకర్యానికో ఆమె తానుగా కోరుకుంటే అది ఆమె హక్కు. పరుల మెప్పుకోసం కన్నును అప్పగించవలసి రావడం మాత్రం అన్యాయం.

పైగా ఈ చికిత్స అందరికీ తగినది కాదు. పద్దెనిమిదేళ్ళు నిండాలి, అద్దాల నంబరు కొంతకాలంగా మారకుండా ఉండాలి. కార్నియా పలుచగా ఉన్నవారికి చికిత్స చేస్తే అది బలహీనపడి ముందుకు ఉబికే ప్రమాదం ఉంది. కొందరికి కళ్ళు పొడిబారుతాయి; రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. నలభై దాటాక వచ్చే చత్వారాన్ని ఇది ఆపలేదు. కనుక పరీక్షలన్నీ జరిపి ‘మీకు ఇది వద్దు’ అని చెప్పే వైద్యుడిని చూసి నిరుత్సాహపడనవసరం లేదు. చేయగలిగిన చికిత్సను కూడా రోగి మేలు కోరి నిరాకరించగలిగినవాడే ఈ విద్యకు నిజమైన వారసుడు.

సరైన కళ్ళజోడు లేకపోవడం వల్లనే చూపు మసకబారి బ్రతుకుతున్నవారు ప్రపంచంలో కోట్లమంది ఉన్నారన్నది మరువరాని సత్యం. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పల్లెల్లో దృష్టి కేంద్రాలు తెరిచి, కళ్ళు పరీక్షించి, అద్దాలు అందిస్తున్నది. లేజరు సాధించిన ఘనతకు ఈ సేవ తీసిపోదు. నల్లబల్ల మీది అక్షరం కనిపించని పిల్లవానికి ఆ అద్దాలే అద్భుతం.

కళ్ళజోడు అవమానం కాదు. లేజరు ఆభరణం కాదు. రెండూ చూపునిచ్చే సాధనాలే. ఏది తనకు తగినదో తెలుసుకొని, తన ఇష్టంతో, వైద్యుని సలహాతో ఎంచుకోవడం వివేకం. ఆ నిమిషంపాటు కంటి ముందు మెరిసే వెలుగులో విందు మిగులును ప్రయోగశాలకు మోసుకువెళ్ళిన శాస్త్రవేత్త జిజ్ఞాస ఉంది. పోబోయే కంటిని పరులకోసం ఇచ్చిన ఒక స్త్రీ ఔదార్యం ఉంది. దానిని గుర్తించిన యువతరం కంటిని మాత్రమే కాదు, తన దృష్టినీ దిద్దుకోగలుగుతుంది.